కింద పడి కొట్టుకునే ప్రతి కుక్కా పిచ్చికుక్క కాదు

(పెంపుడు కుక్కల్లో ఫిట్స్ - గుర్తించడం ఎలా? సాయపడడం ఎలా?)

"కుక్క విశ్వాసం గల జంతువు" అనే వాక్యంతో మొదలయ్యే వ్యాసం రాయకుండా ఆరో తరగతి దాటినవారు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. కుక్క ఇంటికి కాపలా కాస్తుందని రాశాం. దొంగలను పట్టిస్తుందని రాశాం. ధర్మరాజు వెంట స్వర్గం వాకిలి దాకా నడిచిందని కూడా రాసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ కుక్కకే జబ్బు చేస్తే ఏం చేయాలో మనకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

మన ఊళ్ళలో ఒక కుక్క ఉన్నట్టుండి కింద పడి, కాళ్ళు కొట్టుకుంటూ, నోటి వెంట నురగ కారుస్తూ కనిపిస్తే సాధారణంగా రెండే పనులు జరుగుతాయి. కొందరు "పిచ్చికుక్క! పిచ్చికుక్క!" అని కేకలు వేస్తూ కర్రలు తెస్తారు. జాలిగుండె గలవారు చెంబుతో నీళ్ళు తెచ్చి నోట్లో పోస్తారు. మొదటి పని కుక్క ప్రాణం తీస్తుంది. రెండో పని కుక్కకూ ప్రమాదమే, పోసిన మనిషికీ ప్రమాదమే. కుక్కను చంపదలచుకుంటే ముందు పిచ్చిదని ముద్ర వేయాలని ఒక సామెత ఉంది. ఇక్కడ మాత్రం చంపాలన్న ఉద్దేశం ఎవరికీ ఉండదు. తెలియక ముద్ర వేస్తారు, ముద్ర పడింది కనుక చంపుతారు.

నేను చదివింది జంతుశాస్త్రం. పశువైద్యుణ్ణి కాను. అయితే మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే కావడం వల్ల, సెలవులకు ఊరికి పోతే మనుషుల మందు చీటీలతో పాటు మేకల మందు సీసాలు కూడా నా చేతికే వస్తాయి. "చదువుకున్నావు గదా, ఇందులో ఏముందో చెప్పు" అంటారు. మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామంది పరిస్థితి ఇదే. రేపు మీ ఊళ్ళో ఒక కుక్క కింద పడితే అందరూ చూసేది మీ వైపే. ఆ ఐదు నిమిషాల కోసమే ఈ వ్యాసం.

అసలు ఫిట్స్ అంటే ఏమిటి?

మెదడులో కోట్లాది నాడీకణాలు ఉంటాయి. అవి చిన్న చిన్న విద్యుత్ సంకేతాల ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కొన్ని సంకేతాలు పక్క కణాన్ని ఉత్తేజపరుస్తాయి, కొన్ని దాన్ని అదుపు చేస్తాయి. ఈ రెండింటి మధ్య తూకం ఉన్నంత కాలం శరీరం మన మాట వింటుంది.

మన స్టడీ అవర్‌ను గుర్తు చేసుకోండి. ఒక్కొక్కరు మెల్లగా చదువుకుంటే ఎవరి చదువు వారికి సాగుతుంది. ఒక మూల నలుగురు గట్టిగా అరవడం మొదలుపెట్టి, అది గది గదికీ పాకి, హాస్టల్ అంతా ఒకేసారి అరిస్తే ఎవరి మాటా ఎవరికీ అర్థం కాదు. మెదడులో అలాంటి గోల లేచినప్పుడు కండరాలకు అర్థంలేని ఆజ్ఞలు వెళతాయి. అవి బిగుసుకుంటాయి, కొట్టుకుంటాయి. దీన్నే ఫిట్స్ అనీ మూర్ఛ అనీ అంటున్నాం. ఇది దయ్యమూ కాదు, గాలి సోకడమూ కాదు. మనిషికి ఎలా వస్తుందో కుక్కకూ అలాగే వస్తుంది.

ఒక్క మాట ముఖ్యంగా గమనించాలి. ఫిట్స్ అనేది జబ్బు పేరు కాదు, లక్షణం పేరు. జ్వరం వెనుక మలేరియా ఉండవచ్చు, టైఫాయిడ్ ఉండవచ్చు. అలాగే ఫిట్స్ వెనుక విషం ఉండవచ్చు, చక్కెర తగ్గడం ఉండవచ్చు, రేబిస్ కూడా ఉండవచ్చు. కనుక కారణం వెతకకుండా పేరు పెట్టరాదు.

ఎలా కనిపిస్తుంది?

పెద్ద ఫిట్ సాధారణంగా మూడు దశల్లో నడుస్తుంది.

మొదటి దశ: రాబోయే ముందు కొన్ని కుక్కలు కుదురుగా ఉండవు. మూలన దాక్కుంటాయి, లేదా యజమాని కాళ్ళు వదలకుండా తిరుగుతాయి. ఇది కొన్ని క్షణాలు ఉండవచ్చు, కొన్ని గంటలు ఉండవచ్చు. చాలాసార్లు మన కంట పడకుండానే గడిచిపోతుంది.

రెండో దశ: కుక్క పక్కకు పడిపోతుంది. కాళ్ళు కర్రల్లా బిగుసుకుంటాయి, మెడ వెనక్కు వంగుతుంది. తరువాత ఈత కొడుతున్నట్టు నాలుగు కాళ్ళూ కొట్టుకుంటాయి. దవడలు టకటకా ఆడతాయి. చొంగ నురగగా మారుతుంది. మూత్రం, మలం తెలియకుండానే పోతాయి. కళ్ళు తెరిచే ఉంటాయి గాని మనల్ని చూడవు, పిలిస్తే పలకదు. ఇదంతా సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో ముగుస్తుంది. చూసేవారికి మాత్రం అరగంటలా అనిపిస్తుంది.

మూడో దశ: లేచిన తరువాత కుక్క మత్తులో ఉన్నట్టు నడుస్తుంది. గోడలకు తగులుకుంటుంది. కాసేపు కళ్ళు కనపడనట్టు ప్రవర్తిస్తుంది. కొన్ని ఆబగా తింటాయి, నీళ్ళు తాగుతాయి. సొంత మనిషిని కూడా గుర్తుపట్టక గుర్రుమనవచ్చు. ఇది కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా, ఒక్కోసారి రోజంతా ఉండవచ్చు. కర్రలు పట్టుకున్నవారు ఎక్కువగా పొరబడేది ఈ దశలోనే. తూలుతూ, చొంగ కారుస్తూ, పిలిస్తే పలకకుండా తిరిగే కుక్కను చూసి "ఇక అనుమానమే లేదు" అనుకుంటారు.

ఇవి కాక చిన్న ఫిట్స్ కూడా ఉంటాయి. కుక్క కింద పడదు. ముఖంలో ఒక పక్కే అదురుతుంది, లేదా ఒక కాలే కొట్టుకుంటుంది. కొన్ని కుక్కలు లేని ఈగలను పట్టుకుంటున్నట్టు గాలిని కొరుకుతాయి. ఇవి మళ్ళీ మళ్ళీ వస్తుంటే వాటినీ డాక్టరుకు చెప్పాలి.

ఫిట్స్ లాగే కనిపించేవి

నిద్రలో కుక్క కాళ్ళు ఆడించడం, మూలగడం మామూలే. అది కల. పేరు పెట్టి పిలిస్తే లేస్తుంది. ఫిట్స్‌లో ఉన్న కుక్క పిలిస్తే లేవదు.

గుండె జబ్బు ఉన్న కుక్క పరుగెత్తినప్పుడో, దగ్గినప్పుడో సొమ్మసిల్లి పడిపోవచ్చు. అప్పుడు శరీరం ఎక్కువగా వడలిపోతుంది, కొద్ది క్షణాల్లో లేచి ఏమీ జరగనట్టు నడుస్తుంది. ఫిట్స్ తరువాత ఉండే అయోమయం దీనిలో ఉండదు.

ముసలి కుక్కల్లో చెవి లోపలి భాగం దెబ్బతింటే తల ఒక పక్కకు వాలిపోతుంది, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, కుక్క తూలి పడుతుంది. కానీ స్పృహలోనే ఉంటుంది.

ఈ తేడాలు చెప్పడానికి మాటల కన్నా సెల్‌ఫోన్‌లో తీసిన అర నిమిషం వీడియో మేలు. డాక్టరు దగ్గరకు వెళ్ళేసరికి కుక్క మామూలుగా తోక ఊపుతూ ఉంటుంది. వీడియో చూపిస్తే ఆయనకు సగం పని తేలికవుతుంది.

ఎందుకు వస్తాయి?

కారణాలు చాలా ఉన్నాయి. మన ప్రాంతంలో ఎక్కువగా గుర్తుంచుకోవలసినవి ఇవి.

1. విషం: పొలాల్లో చల్లే గుళికలు, పురుగు మందులు, ఎలుకల మందు కుక్క కడుపులోకి పోవడం. పురుగు మందు అయితే చొంగ ధారగా కారుతుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి, కండరాలు అదురుతాయి, కంటిపాప చిన్నదవుతుంది. ఎలుకల మందుల్లో వాడే జింక్ ఫాస్ఫైడ్ తింటే నోటి నుంచి వెల్లుల్లి లాంటి వాసన రావచ్చు. ఇంట్లో మనుషులు వాడే మాత్రలు కూడా విషమే. ముఖ్యంగా క్షయ వ్యాధికి ఇచ్చే ఐసోనియాజిడ్ మాత్రలను కుక్క మింగితే తీవ్రమైన ఫిట్స్ వస్తాయి. మన ఇళ్ళలో ఆ మందు వాడేవారుంటే మాత్రలను గూట్లో వదిలేయక డబ్బాలో మూతపెట్టి ఉంచాలి. చాక్లెట్లు, చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ కూడా కుక్కకు పడవు.

2. డిస్టెంపర్: టీకా వేయని పిల్లలకు సోకే వైరస్ జబ్బు. కళ్ళ నుంచి, ముక్కు నుంచి చీమిడి కారడం, దగ్గు, విరేచనాలతో మొదలవుతుంది. కొన్నిట్లో అది తగ్గిందనుకున్న కొన్ని వారాలకు మెదడుకు పాకి ఫిట్స్ వస్తాయి. చూయింగ్ గమ్ నములుతున్నట్టు దవడ ఆడడం, ఒక కాలో కణతో ఆగకుండా అదరడం దీనిలో కనిపిస్తాయి.

3. పాలిచ్చే తల్లికి కాల్షియం తగ్గడం: ఈనిన తరువాత మొదటి నాలుగు వారాల్లో ఎక్కువ. పట్నాల్లో పెంచే పొమరేనియన్ లాంటి చిన్న జాతులకు త్వరగా వస్తుంది. రొప్పడం, బిగుసుకుపోయినట్టు నడవడం, వణుకు, జ్వరం, ఆపైన ఫిట్స్. పిల్లలను వెంటనే తల్లి నుంచి వేరుచేసి ఆస్పత్రికి తీసుకుపోవాలి. నరం ద్వారా మెల్లగా ఎక్కించే కాల్షియంతో చాలావరకు కళ్ళ ముందే కోలుకుంటుంది.

4. చక్కెర తగ్గడం: నులిపురుగులతో చిక్కి, తిండి లేక నీరసించిన చిన్న పిల్లల్లో కనిపిస్తుంది.

5. వడదెబ్బ: కుక్క శరీరం మామూలు వేడి సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మే నెల ఎండలో రేకుల షెడ్డులో కట్టేసిన కుక్కకు, తలుపులు మూసిన కారులో వదిలేసిన కుక్కకు ఇది 106 దాటిపోవచ్చు. అప్పుడు ఫిట్స్ వస్తాయి.

6. తలకు దెబ్బ, మెదడులో గడ్డ, కాలేయం లేదా మూత్రపిండాల జబ్బు.

7. పుట్టుకతో వచ్చే మూర్ఛ: అన్ని పరీక్షలూ చేసినా కారణం దొరకనిది. సాధారణంగా ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వయసు మధ్య మొదలవుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బీగిల్ వంటి జాతుల్లో ఎక్కువ. నాటు కుక్కలకూ వస్తుంది. ఫిట్‌కూ ఫిట్‌కూ మధ్య కుక్క పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది.

మరి రేబిస్ అయితే?

ఇది నిజంగా భయపడవలసిన ప్రశ్న. దీన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ప్రపంచంలో రేబిస్ వల్ల చనిపోయేవారిలో మూడో వంతుకు పైగా మన దేశం వారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు బయటపడ్డాక మనిషైనా కుక్కైనా బతకడం దాదాపు అసాధ్యం.

రేబిస్ వచ్చిన కుక్కకు మొదట ప్రవర్తన మారుతుంది. సాధువైన కుక్క కారణం లేకుండా కరుస్తుంది, లేదా చురుకైన కుక్క చీకట్లో నక్కుతుంది. అరుపు బొంగురుపోతుంది. దవడ వేలాడిపోతుంది, మింగలేక చొంగ కారుస్తుంది. కర్ర, రాయి, మట్టి ఏది దొరికితే అది కొరకవచ్చు. వెనుక కాళ్ళు పడిపోతాయి. చివర్లో ఫిట్స్ రావచ్చు. లక్షణాలు మొదలైన పది రోజుల్లోపు చనిపోతుంది.

తేడా ఎక్కడ ఉందో గమనించండి. మూర్ఛ ఉన్న కుక్క పడుతుంది, లేస్తుంది, మళ్ళీ మామూలవుతుంది. రేబిస్ కుక్క మామూలు కాదు. రోజు రోజుకూ దిగజారుతుంది. అయితే వీధిలో మొదటిసారి చూసిన కుక్క విషయంలో ఈ తేడా డాక్టరు కూడా చూడగానే చెప్పలేడు. కాబట్టి మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఈ కుక్క ఎవరిది? దీనికి రేబిస్ టీకా ఉందా?

టీకా సంగతి తెలియని కుక్క అయితే తాకవద్దు. చిన్నపిల్లలను దూరంగా పంపండి. కర్రలతో చుట్టుముట్టవద్దు. దెబ్బలు తిన్న కుక్క పారిపోతూ దారిలో ఉన్నవారిని కరుస్తుంది. అంటే కొట్టడం వల్ల మనం కాచుకుంటున్న ప్రమాదమే పెరుగుతుంది. వీలైతే గేటు వేసి అది ఒకేచోట ఉండేలా చూసి, పశువైద్యశాలకు గాని పంచాయతీ, మున్సిపాలిటీ వారికి గాని చెప్పండి.

కుక్క కరిచినా, గీరినా, దాని చొంగ మన పుండు మీద గాని కంట్లో, నోట్లో గాని పడినా వెంటనే చేయవలసింది ఒక్కటే. కరిచిన చోటును పారే నీటి కింద సబ్బుతో పావుగంట సేపు కడగాలి. కంట్లో, నోట్లో పడితే మంచినీళ్ళతోనే బాగా కడగాలి. కారం, సున్నం, పసర్లు పూయరాదు. అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ ఇంజక్షన్లంటే భయపడి దాచుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. గొర్రె మెదడు నుంచి తయారుచేసే ఆ పాత టీకాను మన దేశంలో 2004 చివరిలోనే ఆపేశారు. ఇప్పటి టీకా భుజానికి వేస్తారు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేస్తారు. "కుక్క పది రోజులు బతుకుతుందేమో చూసి అప్పుడు వేయించుకుందాం" అని ఆగరాదు. మొదటి రోజే మొదలుపెట్టాలి. కుక్క పది రోజులు ఆరోగ్యంగా ఉంటే మిగిలినవి ఆపవచ్చో లేదో డాక్టరే చెబుతారు.

మన కుక్కకే ఫిట్స్ వచ్చినప్పుడు

టీకాలు వేసిన మన ఇంటి కుక్క పడిపోయిందనుకుందాం. చేయవలసినవి:

మొదట గడియారం చూడండి. ఏ నిమిషానికి మొదలైందో గుర్తుపెట్టుకోండి. తరువాతి నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

కుక్కను పట్టుకోకుండా చుట్టూ ఉన్న వస్తువులను జరపండి. రాళ్ళు, మంచం కోళ్ళు, పొయ్యి దూరంగా ఉండాలి. మెట్ల అంచునో, నీళ్ళ తొట్టి పక్కనో ఉంటే వెనుక నుంచి జాగ్రత్తగా ఇవతలికి లాగండి. తల కింద గోనె సంచి గాని పాత దుప్పటి గాని దూర్చండి. మెడకు గొలుసు బిగిసి ఉంటే వదులు చేయండి.

టీవీ, పాటలు ఆపండి. వెలుతురు తగ్గించండి. గుంపును పంపేయండి. మిగతా కుక్కలను వేరే చోట కట్టేయండి.

ఆగిన తరువాత మెల్లగా పేరుతో పిలవండి. తానుగా లేచే దాకా మీద చేయి వేయకండి. పూర్తిగా తేరుకున్నాక మాత్రమే గిన్నెలో నీళ్ళు పెట్టండి.

చేయకూడనివి:

నోట్లో చేయి పెట్టరాదు. కుక్క తన నాలుకను మింగదు. దవడలు బిగుసుకున్నప్పుడు వేలు పెడితే వేలే పోతుంది. అది కావాలని కరవదు, దానికి తెలియదు.

నీళ్ళు, పాలు, మజ్జిగ, ఉప్పునీళ్ళు పోయరాదు. మింగే శక్తి లేనప్పుడు పోసిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విషం తిన్నదని తెలిసినా ఇంట్లో బలవంతంగా కక్కించరాదు. మందు డబ్బానో, పొట్లమో దొరికితే డాక్టరుకు చూపడానికి వెంట తీసుకెళ్ళాలి.

ఉల్లిపాయ, చెప్పు వాసన చూపడం, తాళాల గుత్తి కాళ్ళకు ఆనించడం, వాతలు పెట్టడం వల్ల ఫిట్స్ ఆగవు. ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగేది కనుక, అప్పుడు చేతిలో ఏది ఉంటే దానికి పేరు వస్తుంది. వాతల వల్ల పుండ్లు మాత్రం మిగులుతాయి.

మనుషుల మాత్రలు ఏవీ వేయరాదు.

ఇక వెంటనే ఆస్పత్రికి పరుగెత్తవలసిన సందర్భాలు: ఫిట్ ఐదు నిమిషాలు దాటితే, ఒక ఫిట్ నుంచి తేరుకోకముందే ఇంకొకటి వస్తే, 24 గంటల్లో రెండు లేదా అంతకన్నా ఎక్కువ సార్లు వస్తే, విషం అనుమానం ఉంటే, వడదెబ్బ అయితే, పాలిచ్చే తల్లి అయితే, చిన్న పిల్ల అయితే. ఐదు నిమిషాలు దాటిన ఫిట్ తనంతట తాను ఆగే అవకాశం తగ్గిపోతుంది. కండరాల కదలిక వల్ల ఒంటి వేడి పెరిగి మెదడు దెబ్బతింటుంది. దారిలో మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి గాలి తగలనివ్వాలి. ఐసు గడ్డలు వద్దు. ఆస్పత్రిలో డయాజిపామ్ వంటి ఇంజక్షన్‌తో ఫిట్‌ను ఆపుతారు.

మండలాల్లో పశువైద్యశాలలు ఉన్నాయి. సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరు ఉంది. తెలంగాణలో ఈ సేవ 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలైంది. ఇవి ముఖ్యంగా పాడి పశువుల కోసం పెట్టినవైనా ఫోన్ చేసి సలహా అడగడానికి వెనుకాడవద్దు.

మందులు, నోటు పుస్తకం

ఒక్కసారి వచ్చి పోయిన ఫిట్‌కు సాధారణంగా రోజువారీ మందు మొదలుపెట్టరు. కారణం వెతుకుతారు, రక్త పరీక్ష చేస్తారు. ఫిట్స్ మళ్ళీ మళ్ళీ వస్తుంటే మందు రాస్తారు. కుక్కలకు ఎక్కువగా వాడే ఫినోబార్బిటాల్, పొటాషియం బ్రోమైడ్ రెండూ మనుషుల వైద్యం నుంచి వచ్చినవే. బ్రోమైడ్‌ను మనుషుల మూర్ఛకు 1857 నుంచి, ఫినోబార్బిటాల్‌ను 1912 నుంచి వాడారు. మందు మొదలుపెట్టిన కొత్తలో కుక్క మత్తుగా ఉంటుంది, ఆకలి దాహం పెరుగుతాయి. ఫినోబార్బిటాల్ పూర్తిగా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. మోతాదు బరువును బట్టి డాక్టరే నిర్ణయిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఫిట్స్ తగ్గాయి కదా అని ఒక్కసారిగా మానేయరాదు. అలా మానేస్తే మునుపటి కన్నా తీవ్రంగా వస్తాయి.

మా నాన్న మేకలు కాస్తాడు. మందకు కాపలా ఉండే మా నాటు కుక్కకు రెండేళ్ళ వయసులో ఫిట్స్ మొదలయ్యాయి. మొదటిసారి పడినప్పుడే మా వీధిలో కొట్టి చంపమన్నారు. ఏటా జూలై 6న పశువైద్యశాలలో ఉచితంగా వేసే రేబిస్ టీకా దానికి వేయించి ఉండడంతో నాన్న ఒప్పుకోలేదు. "పది రోజులు కట్టేసి చూద్దాం, దీని కూడు నా వంతు" అని కొట్టంలో వేరుగా కట్టేశాడు. పిల్లలనెవరినీ అటు పోనివ్వలేదు. పది రోజులూ అది తిన్నది, తాగింది, తోక ఊపింది. పదకొండో రోజు డాక్టరుకు చూపించాడు.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఎంతసేపు కొట్టుకుంది?" నాన్నకు గడియారం చూడడం రాదు. "బీడీ సగం కాలేంత సేపు" అన్నాడు. డాక్టరు నవ్వకుండా అదే రాసుకున్నాడు. అప్పటి నుంచి ఒక పాత నోటు పుస్తకంలో మా చెల్లి రాస్తూ ఉంది: తేదీ, సమయం, ఎన్ని నిమిషాలు, అంతకు ముందు ఏం తిన్నది, తరువాత ఎంతసేపటికి తేరుకుంది, ఆ రోజు మాత్ర వేశామా లేదా. మందుకు ముందు నెలకు రెండు మూడు సార్లు వచ్చేవి, ఇప్పుడు మూడు నాలుగు నెలలకు ఒకసారి. పూర్తిగా పోలేదు. డాక్టరు ముందే చెప్పారు, పూర్తిగా పోకపోవచ్చు, తగ్గితే గెలిచినట్టేనని. అది ఇప్పటికీ మంద వెంట పోతున్నది. చెరువు గట్టు వైపు మాత్రం పోనివ్వరు, నీళ్ళలో ఉండగా ఫిట్ వస్తే మునిగిపోతుంది కనుక.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. పెద్ద పట్నాల్లో చేసే మెదడు స్కానింగులు మనలాంటి వారి అందుబాటులో లేవు. కానీ టీకా, గడియారం, నోటు పుస్తకం, రోజూ తప్పని మాత్ర - ఈ నాలుగూ చాలావరకు మన చేతిలో ఉన్నవే.

హాస్టల్ గదిలో కూడా

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! చివరిగా ఒక విషయం. ఫిట్స్ మన గదిలోని స్నేహితుడికి కూడా రావచ్చు. చేయవలసింది ఇంచుమించు ఇదే. సమయం చూడాలి. ట్రంకు పెట్టెలు జరపాలి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి. మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టరాదు. వార్డెన్‌కు చెప్పాలి. ఐదు నిమిషాలు దాటితే, మొదటిసారి అయితే, దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయాలి.

ఆపైన ఇంకొకటి ఉంది. కుక్క విషయంలో "పిచ్చి" అనే మాట ఎంత పని చేస్తుందో మనిషి విషయంలో కూడా అంతే చేస్తుంది. మూర్ఛ ఉన్నవారి పెళ్ళి చెల్లదని చెప్పుకునే వీలు మన వివాహ చట్టంలోనే 1999 దాకా ఉండేది. ఆ ఏడాది సవరణతో ఆ మాట తీసేశారు. చట్టంలో నుంచి పోయిన మాట మన నోళ్ళలో నుంచి ఇంకా పోవలసి ఉంది. ఫిట్ వచ్చిన విద్యార్థి మర్నాడు కళ్ళు తెరిచి మొదట చూసేది మన ముఖాలనే. ఎవరూ కంచం జరుపుకోకుండా అతని పక్కనే కూర్చుని తింటే, అది మాత్రతో సమానమైన మందు.

గుర్తుంచుకోవలసినవి

1. మన ఊరి కుక్కలన్నిటికీ మూడు నెలల వయసు నుంచి రేబిస్ టీకా, తరువాత ఏటా డాక్టరు చెప్పిన ప్రకారం.
2. పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి డిస్టెంపర్ టీకాలు.
3. పడిన కుక్క తెలిసినదా, తెలియనిదా? తెలియనిదైతే తాకవద్దు, కొట్టవద్దు.
4. తెలిసినదైతే గడియారం చూడండి. నోటి దగ్గరకు పోవద్దు.
5. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రి.
6. కరిస్తే సబ్బు, నీళ్ళు, పావుగంట, అదే రోజు టీకా.
7. మందు మొదలుపెడితే డాక్టరు చెప్పకుండా మానవద్దు.

మన మెస్ వెనుక అన్నం మెతుకుల కోసం కాచుకుని ఉండే కుక్కలు ప్రతి బ్యాచ్‌కూ తెలుసు. పేర్లు పెట్టింది మనమే, పెరుగన్నం పెట్టింది మనమే. ఈసారి జూలై 6కు ముందే వార్డెన్‌ గారికి చెప్పి, పశువైద్యశాల వారిని పిలిపించి ఆ కుక్కలకు టీకాలు వేయిస్తే ఎంతో బాగుంటుంది. టీకా పడిన కుక్క ఏదో ఒక రోజు కింద పడి కొట్టుకున్నా, దానికోసం కర్ర వెతకవలసిన అవసరం మనకు ఉండదు.

- హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం)